ఆర్కిడ్ కుండీ ఇప్పుడే మార్చాలా, మిరుగు దాకా ఆగాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్గొండ. రెండేండ్ల కింద గృహప్రవేశానికి మా తమ్ముడు హైదరాబాద్ నుంచి తెల్ల పూల ఆర్కిడ్ తెచ్చిచ్చాడు. ఈసారి సంక్రాంతికి మొగ్గ తొడిగింది, శివరాత్రికి విచ్చుకుంది, ఉగాది దాకా పూలు నిలబడ్డాయి. ఇప్పుడు చివరి పువ్వు కూడా రాలిపోయింది. వేర్లు కుండీలోంచి నాలుగు దిక్కులా బయటికి పాకుతున్నాయి. అడుగు ఆకులు రెండు ముడతలు పడి మెత్తబడ్డాయి. పక్కనే ఊదా పూల డెండ్రోబియం అనే ఇంకో రకం ఆర్కిడ్ ఉంది, అది కుండీ అంచు దాటి ఒక పక్కకు వాలిపోతోంది. వేర్లు బయటికొచ్చాయంటే కుండీ చాలట్లేదని, పెద్ద కుండీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పెట్టమని మా అత్తమ్మ అంటోంది. పక్కింటి వదిన ఏమో ముట్టుకుంటే చచ్చిపోతుంది, అట్లనే వదిలెయ్ అంటోంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతా రోజులు బోరు నీళ్లే పోస్తున్నాను. ఏప్రిల్ మొదలైంది. ఇప్పుడు కుండీ మార్చమంటారా? మారిస్తే ఎట్లా మార్చాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, ముందు టెన్షన్ పక్కన పెట్టండి. రెండు ఆకులు ముడతపడినంత మాత్రాన ఈ మొక్క చచ్చిపోదు. మీరు చెప్పిన తెల్ల పూల మొక్క ఫెలనాప్సిస్. శుభకార్యాలకు బహుమతిగా ఇచ్చే ఆర్కిడ్లలో ఎక్కువగా కనబడేది ఇదే. మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తాను. కుండీ లోపలి వేర్లు గట్టిగా ఉంటే ఇప్పుడు మార్చొద్దు. ఎండలు పోయి, మిరుగు దాటి, ఆరుద్ర కార్తె వచ్చేదాకా ఆగండి. లోపల కుళ్లు ఉంటే మాత్రం ఎండల సంగతి చూడకుండా ఈ వారంలోనే మార్చండి. రెండింట్లో మీది ఏదో తెలియాలంటే కుండీ లోపలికి చూడాలి. చూసినంత మాత్రాన మొక్కకు ఏమీ కాదు, పక్కింటి వదినకు ఆ ధైర్యం చెప్పండి.

ముందు ఆ బయటి వేర్ల సంగతి చెప్పుకుందాం. జామ మొక్కకో గులాబీకో వేర్లు కుండీ దాటి వచ్చాయంటే చోటు చాలలేదనే అర్థం. మీ అత్తమ్మ అనుభవం అలాంటి మొక్కలతో వచ్చింది, వాటికి ఆమె మాట అక్షరాలా నిజం. ఫెలనాప్సిస్ అలా కాదు. దాని పుట్టిల్లు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, తైవాన్ వైపు వాన అడవులు. అక్కడ ఇది మట్టిలో పెరగదు, పెద్ద చెట్ల కొమ్మలకు వేర్లతో అతుక్కుని బతుకుతుంది. చెట్టు రసం తాగదు కాబట్టి మన మామిడి చెట్ల మీద పట్టే బదనికతో దీన్ని కలపకండి. వానకు తడిసిన బెరడు నుంచీ, చుట్టూ ఉన్న గాలి తేమ నుంచీ నీళ్లు అందుకుంటుంది. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి చూసే ఉంటారు. ఊడలు గాలిలో వేలాడుతున్నాయని ఆ చెట్టుకు చోటు చాలలేదని ఎవరూ అనుకోరు కదా. ఆర్కిడ్ వేరు బయటికి రావడం కూడా అంత సహజమైన విషయమే. దాన్ని కత్తిరించొద్దు, బలవంతంగా వంచి లోపలికి కుక్కొద్దు. గాలిలో పెరిగిన వేరును తీసుకెళ్లి కుండీలో పూడిస్తే చాలాసార్లు అది కుళ్లిపోతుంది.

చెట్ల మీద పెరిగే ఆర్కిడ్లు ఎక్కడో విదేశాల్లోనే ఉంటాయని కూడా అనుకోకండి. మన నల్లమలలో వాండా జాతి ఆర్కిడ్లు చెట్ల కొమ్మల మీద వాటంతట అవే పెరుగుతాయి. అమ్రాబాద్ వైపు వెళ్లినప్పుడు కనబడితే చూసి సంతోషపడండి, ఒక్క కొమ్మ కూడా తెంపి తేవద్దు. అది అభయారణ్యం, మొక్క తీయడం నేరం. పైగా అడవి నుంచి పీకి తెచ్చిన ఆర్కిడ్ ఇంట్లో బతకడం అరుదు.

ఇప్పుడు మీ కుండీ చూద్దాం. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కుండీ అయితే పని సులువు, పక్క నుంచే వేర్లు కనబడతాయి. నీళ్లు పోయగానే ఆకుపచ్చగా, ఆరాక వెండి రంగులో కనబడే వేరు ఆరోగ్యంగా ఉన్నట్టు. వేరు చుట్టూ ఉండే మెత్తని తెల్ల పొర నీళ్లు పీల్చుకోవడం వల్ల ఆ రంగు మారుతుంది. మట్టి కుండీ అయినా, రంగు ప్లాస్టిక్ అయినా మొక్కను మొదలు దగ్గర పట్టుకుని, కుండీని పక్కకు వంచి, మెల్లగా బయటికి జరపండి. గడ్డంతా కలిసి వస్తే రానివ్వండి. వేరును రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉంటే రంగు గోధుమగా ఉన్నా బతికే ఉంది, కుండీలో నింపిన చెట్టు బెరడు ముక్కల రంగు దానికి అంటిందంతే. నొక్కగానే మెత్తగా జారి, పై పొర ఊడి, లోపల సన్నటి దారం మిగిలితే ఆ వేరు పోయినట్టే. వాసన కూడా చూడండి. మంచి కుండీ వాన తర్వాత అడవిలా వాసన వస్తుంది, కుళ్లిన కుండీ మురుగు వాసన వస్తుంది. లోపలి బెరడు ముక్కను వేళ్లతో నలపండి. ముక్కలాగే ఉంటే ఇంకా పనికొస్తుంది, పొడైపోతే దాని ఆయుష్షు అయిపోయింది.

ఆర్కిడ్ కుండీ మార్చడానికి అసలు కారణం ఈ పొడైపోవడమే. కుండీ చిన్నదైందని మార్చాల్సి రావడం చాలా తక్కువ. బెరడు, కొబ్బరి పీచు ఏడాదిన్నర, రెండేళ్లలో చివికి మెత్తబడతాయి. ముక్కల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. గాలి ఆడక, నీళ్లు దిగక వేర్లు ఊపిరాడకుండా కుళ్లుతాయి. మీ మొక్క ఇంటికొచ్చే రెండేళ్లయింది, అంతకు ముందు నర్సరీలో ఎంతకాలం ఉందో మనకు తెలియదు. కాబట్టి ఈ ఏడాది దాన్ని మార్చక తప్పదు. ఏ నెలలో అన్నదే తేలాలి.

ముడతపడ్డ ఆకుల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఆర్కిడ్లు ఇక్కడే పోతాయి. నీళ్లు తక్కువైతే ఆకు ముడతపడుతుంది. నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లినా ఆకు అలాగే ముడతపడుతుంది, ఎందుకంటే నీళ్లు పైకి పంపే వేర్లే లేవు. పైకి రెండూ ఒక్కలాగే కనబడతాయి. ఆకు వాడిందని మనం ఇంకో చెంబు పోస్తాం, కుళ్లు ఇంకా పెరుగుతుంది. అందుకే వేర్లు చూడకుండా ఆకును బట్టి నీళ్లు పెంచొద్దు. లోపలి వేర్లు గట్టిగా, వెండి రంగులో ఉండి ఆకు ముడతపడితే దాహం వేసినట్టు, కుండీని పావుగంట నీళ్లలో ముంచి తీయండి. ఒకసారి ముడతపడ్డ ముసలి ఆకు పూర్తిగా సాపు కాకపోవచ్చు, దాని గురించి బెంగ వద్దు. కొత్త ఆకు ఎలా వస్తోందో చూడండి.

లోపల బాగుంటే మిరుగు దాటేదాకా ఎందుకు ఆగమంటున్నానో చెప్తాను. కుండీ మార్చినప్పుడు ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని వేర్లు విరుగుతాయి. మొక్క మళ్లీ కొత్త వేర్లు వేసి నిలదొక్కుకోవాలి. అందుకు ఓ మోస్తరు వేడి, గాలిలో తేమ కావాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఈ రెండూ ఉండవు. 43, 44 డిగ్రీల ఎండ, మధ్యాహ్నం వీచే వడగాలి ఉంటాయి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఆ గాలికి తెగిన వేరున్న మొక్క తట్టుకోలేదు. 35 డిగ్రీలు దాటాక ఫెలనాప్సిస్ పెరగడం దాదాపు ఆపేస్తుంది. అదే జూన్ చివరికి వచ్చేసరికి నాలుగు వానలు పడి ఉంటాయి, వేడి దిగుతుంది, గాలి తడిగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మొక్క మొదలు నుంచి కొత్త వేర్లు పొడుచుకొస్తాయి. కొనలు మెరుస్తూ లేత ఆకుపచ్చగానో, కొన్నింటికి ఎరుపు ఛాయతోనో ఉంటాయి. క్యాలెండర్ కంటే ఆ వేరు కొనలను నమ్మండి. అవి అర అంగుళం లోపు ఉన్నప్పుడు మార్చితే కొత్త కుండీలోకి నేరుగా దిగిపోతాయి. మరీ పొడుగైతే పనిలో పుటుక్కున విరిగిపోతాయి.

పూలు రాలాక మార్చాలని పుస్తకాల్లో రాస్తారు, అది సరైన మాటే. పూలున్నప్పుడు కదిపితే మొగ్గలన్నీ రాల్చేస్తుంది. కాని చల్లని దేశాల్లో పూలు రాలాక వచ్చేది హాయైన వసంతం. మనకు పూలు రాలాక వచ్చేది నడివేసవి. ఫెలనాప్సిస్ చల్లదనానికి పూల కాడ వేస్తుంది, ఆ చల్లదనం మనకు కార్తీకం, మార్గశిరం నెలల్లోనే దొరుకుతుంది. అందుకే పూలు మాఘ ఫాల్గుణాల్లో వస్తాయి, రాలేసరికి చైత్రం. పూలు రాలడానికీ కుండీ మార్చడానికీ మధ్య మనం ఈ రెండున్నర నెలలు మొక్కను కాపాడుకోవాలి.

ఆ కాపాడటం ఎలాగంటే, డాబా మీద, పడమటి వరండాలో అసలు పెట్టొద్దు. తూర్పు కిటికీ దగ్గర పొద్దున్నే రెండు గంటల మెత్తని ఎండ పడితే చాలు, తర్వాత పరదా వేయండి. ఇంట్లో కూలర్ ఉంటే ఆ గదిలోనే ఉంచండి. కూలర్ తేమ మొక్కకు మేలు చేస్తుంది, నేరుగా గాలి కొట్టే చోట మాత్రం వద్దు. ఒక వెడల్పాటి పళ్లెంలో కంకర పోసి, కంకర మునగకుండా నీళ్లు పోసి, దాని మీద కుండీ పెట్టండి. కుండీ అడుగు నీళ్లకు తగలకూడదు. నీళ్లు పొద్దున్నే పోయండి. ఆకుల మధ్య గుండెలో నీళ్లు నిలిస్తే రాత్రికల్లా కుళ్లు మొదలవుతుంది, నిలిచాయనిపిస్తే గుడ్డ కొసతో అద్ది తీసేయండి. పూల కాడ ఇంకా పచ్చగా ఉంటే దాని కణుపు నుంచి మళ్లీ పూయిస్తామని కొందరు ఉంచుతారు. ఆకు ముడతపడ్డ మొక్కకు ఆ శ్రమ పెట్టొద్దని నా మాట. అడుగున ఒక అంగుళం వదిలి కాడ కోసేయండి.

బోరు నీళ్ల గురించి మీరు రాయడం మంచిదైంది. మన జిల్లా బోరు నీళ్ల బాధ మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, లవణాలు కూడా వాటిలో ఎక్కువ. కుండీ అంచున, బెరడు మీద తెల్లటి పొర కడుతోందా చూడండి. అది ఉప్పు. వేరు కొనలు నల్లబడి ఆగిపోవడం, ఆకు కొస మాడటం దాని పనే. మట్టిలో పెరిగే మొక్కకు మట్టి కొంత అడ్డుపడుతుంది. ఆర్కిడ్ వేరుకు ఆ రక్షణ లేదు. వీలైనంత వరకు నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లే, నల్లా వచ్చిన రోజు రెండు బకెట్లు పట్టి విడిగా పెట్టుకుని పోయండి. అంతకంటే మంచిది వాన నీళ్లు. మిరుగు వానలకు డాబా పైపు కింద డ్రమ్ము పెట్టండి. మొదటి వాన వదిలేసి రెండో వాన నుంచి పట్టి, దోమలు రాకుండా గుడ్డ కట్టండి. ఇంట్లో ఏసీ ఉంటే దాని పైపు నుంచి కారే నీళ్లు కూడా ఉప్పు లేనివే, గది వేడికి వచ్చాక వాడుకోవచ్చు. ఆర్ఓ మెషిన్ పక్కకు వదిలేసే నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు, ఉప్పంతా చిక్కబడి ఉండేది వాటిలోనే. బోరు నీళ్లు తప్పనిసరైతే నెలకోసారి మంచి నీళ్లు కుండీ పై నుంచి ధారగా పోసి కడిగేయండి.

ఇక మార్చే విధానం. సరుకు ముందే సిద్ధం చేసుకోవాలి, మొక్కను బయటికి తీసి బజారుకు పరుగెత్తకూడదు. ఫెలనాప్సిస్‌కు నర్సరీలో దొరికే పైన్ బెరడు ముక్కలు మంచివి. దొరక్కపోతే బొటనవేలి గోరంత కొబ్బరి పీచు ముక్కలు వాడండి. కొబ్బరి బోండాల బండి దగ్గర ఎండిన డొప్పలు తెచ్చి మీరే కోసుకోవచ్చు. కాని కొబ్బరి పీచులో ఉప్పు, కషాయంలాంటి రంగు ఉంటాయి. మూడు నాలుగు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కోకోపీట్ అని ఇటుకలా అమ్మే పొడి వేరు, అది వద్దు. కట్టె బొగ్గు ఇస్త్రీ బండి వాళ్ల దగ్గర అడిగితే దొరుకుతుంది. దాన్ని కూడా ముక్కలు చేసి, నుసి పోయేదాకా కడగండి. కాల్చిన చికెన్ కోసం ప్యాకెట్లలో అమ్మే ఒత్తిన బొగ్గు వాడొద్దు, అందులో జిగురు కలుపుతారు. బెరడు లేక కొబ్బరి ముక్కలు మూడు పాళ్లు, బొగ్గు ఒక పాలు కలపండి. మన పొడి గాలికి పైన గుప్పెడు స్ఫాగ్నమ్ నాచు (నీళ్లు పట్టి ఉంచే ఎండు నాచు) చల్లుకోవచ్చు, ముసురు రోజుల్లో అది తీసేయాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో ఊక సులువుగా దొరుకుతుందని దాన్ని కలపాలని చాలామంది చూస్తారు. ఊక తడిసి అణిగిపోయి గాలి మూసేస్తుంది. ఎర్రమట్టి, పశువుల ఎరువు కూడా ఈ కుండీలోకి వద్దు. ఎర్రమట్టిలో పెట్టిన ఫెలనాప్సిస్ వేర్లు ఒక్క ముసురుకే కుళ్లిపోతాయి. అత్తమ్మ చెప్పిన ఎరువు మీ మల్లెకు, గులాబీకి వేయండి, వాటికి అంత మంచిది ఇంకోటి లేదు.

మార్చే ముందు రోజు సాయంత్రం మొక్కకు బాగా నీళ్లు పోయండి. ఎండిన వేరు పుల్లలా విరుగుతుంది, తడిసిన వేరు వంగుతుంది. కత్తెర కొనను మంట మీద కాల్చి లేదా స్పిరిట్‌తో తుడిచి వాడండి, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయే ముందు మళ్లీ తుడవండి. ఆర్కిడ్లకు వచ్చే వైరస్ తెగుళ్లు ఎక్కువగా కత్తెర ద్వారానే అంటుకుంటాయి, అంటుకుంటే మందు లేదు. ప్లాస్టిక్ కుండీని చుట్టూ వేళ్లతో నొక్కి వదులు చేసి మొక్కను తీయండి. మట్టి కుండీకి వేర్లు అతుక్కుపోయి ఉంటే అరగంట నీళ్లలో నానబెట్టి, సన్న చాకుతో గోడ వెంబడి విడదీయండి. అప్పటికీ రాకపోతే కుండీని పగలగొట్టండి. కుండీ ధర కంటే ఆ వేర్లు విలువైనవి.

పాత బెరడు అంతా రాల్చాక మధ్యలో వేర్ల గుంపు లోపల చెయ్యి పెట్టి చూడండి. చాలా మొక్కలకు అక్కడ ఒక చిన్న నాచు ముద్ద ఉంటుంది. నర్సరీ వాళ్లు పిల్ల మొక్కను పెంచినప్పుడు పెట్టిన ముద్ద అది, తర్వాత కుండీ మారినా అలాగే ఉండిపోతుంది. పైన బెరడు ఆరినా ఆ ముద్ద తడిగానే ఉండి మొదలు దగ్గర వేర్లను కుళ్లబెడుతుంది. మీ మొక్క ఆకులు ముడతపడటానికి అది కూడా కారణం కావచ్చు. ఓపికగా, వేళ్లతో కొద్దికొద్దిగా గిల్లి పూర్తిగా తీసేయండి. ఈ పనికి తొందర పనికిరాదు.

కుళ్లిన వేర్లను గట్టి భాగం తగిలేదాకా కత్తిరించండి. గట్టి వేరు ఎంత పొడుగున్నా ముట్టుకోవద్దు. కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దండి. అది గాయాన్ని ఆరబెడుతుంది, అందుకే మంచి వేర్ల మీద చల్లకూడదు, వాటిని కూడా ఎండబెట్టేస్తుంది. కుళ్లు ఎక్కువగా ఉంటే ఎరువుల దుకాణంలో దొరికే సాఫ్ అనే బూజు తెగుళ్ల మందు లీటరు నీళ్లకు 2 గ్రాములు కలిపి వేర్లను పది నిమిషాలు ముంచి, నీడలో ఆరనివ్వండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

కొత్త కుండీ వేర్ల గుంపు పట్టి, చుట్టూ ఒక వేలు దూరేంత చోటుంటే చాలు. చాలాసార్లు పాత కుండీనే కడిగి మళ్లీ వాడుకోవచ్చు. పెద్ద కుండీ పెడితే మధ్యలో సరుకు ఆరక వేర్లు కుళ్లుతాయి. అడుగున, పక్కల రంధ్రాలు ఎన్నుంటే అంత మంచిది, లేకపోతే కాల్చిన ఊచతో మీరే పెట్టుకోండి. మొక్కను పట్టుకుని వేర్లను గుండ్రంగా తిప్పుతూ లోపలికి దించండి. అడుగు ఆకు సరుకు పైనే ఉండాలి, మొదలు పూడిపోకూడదు. అడవిలో ఇది కొమ్మకు పక్కవాటుగా వేలాడుతుంది, ఆకుల్లోకి వచ్చిన నీళ్లు అలా జారిపోతాయి. కుండీలో కూడా కొద్దిగా వాల్చి పెడితే మంచిది. ముక్కలు కొంచెం కొంచెంగా పోస్తూ కుండీని తట్టండి, సన్న పుల్లతో సందుల్లోకి సర్దండి, అదిమి కుక్కకండి. చివర్లో మొక్కను ఆకుల దగ్గర పట్టి కొద్దిగా ఎత్తి చూడండి, కుండీ కూడా లేచి రావాలి. ఊగుతుంటే ఒక పుల్లకు కట్టండి. మొక్క ఊగినంత కాలం కొత్త వేరు కొన రాసుకుని చచ్చిపోతుంది.

ఆ తర్వాత నాలుగైదు రోజులు కుండీలో నీళ్లు పోయొద్దు, కోసిన చోట్లు ఆరాలి. పొద్దున పూట ఆకుల మీద, బయటి వేర్ల మీద సన్నగా నీళ్లు చిలకరించండి. ముసురు పట్టిన రోజుల్లో చూరు కింద పెట్టండి, వానలో వదలొద్దు. ఎరువు నెల దాకా అవసరం లేదు. కొత్త వేరు కదిలాక 19-19-19 నీళ్లలో కరిగే ఎరువు లీటరుకు అర గ్రాము చొప్పున పది రోజులకోసారి ఇవ్వండి. ఎరువు ఇచ్చే రోజు ముందు మామూలు నీళ్లతో వేర్లు తడపండి.

ఒకవేళ మీరు ఇవాళ చూసినప్పుడు లోపల సగానికి పైగా వేర్లు కుళ్లి ఉంటే, పైన చెప్పిందంతా ఇప్పుడే చేయండి. కొన్ని మార్పులు మాత్రం ఉంటాయి. ఎండాకాలంలో మిగిలిన కొద్ది వేర్లు ఆకులకు సరిపడా నీళ్లు అందించలేవు. వేర్లను బట్టి చాలా చిన్న కుండీ తీసుకోండి. తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచును వేర్ల చుట్టూ వదులుగా చుట్టి పెట్టండి. కుండీని ఒక పెద్ద పారదర్శకపు ప్లాస్టిక్ కవర్లో నిలబెట్టి, మూతి కొద్దిగా తెరిచి ఉంచి, ఎండ అసలు పడని చల్లని గదిలో పెట్టండి. కవర్లో తేమ నిలిచి ఆకులు వాడకుండా కాపాడుతుంది. ఎండ తగిలితే మాత్రం అదే కవర్లో మొక్క ఉడికిపోతుంది. అడుగు ఆకు ఒకటి పసుపుబారి రాలితే భయపడకండి. నడి ఆకు గట్టిగా ఉన్నంత కాలం ఆశ ఉంది. నడి ఆకు నల్లబడి, పట్టుకోగానే ఊడి వస్తే ఆ మొక్క నిలవడం కష్టం.

డెండ్రోబియం గురించి తక్కువ చెప్పుకుంటే సరిపోతుంది, మన వాతావరణానికి అది చాలా గట్టి మొక్క. మీ ఊదా పూల రకం ఫెలనాప్సిస్ కంటే ఎండ, వేడి ఎక్కువ తట్టుకుంటుంది. గ్రీన్ నెట్ కింద వరండాలో వేసవి గడుపుతుంది. ప్రస్తుతానికి వాలిన కాడలను కర్రకు కట్టి, కుండీని బరువైన ఇంకో మట్టి కుండీలో దించి నిలబెట్టండి. తొలకరికి మొదట్లో కొత్త మొలక వస్తుంది. అది రెండు అంగుళాలు పెరిగి, దాని అడుగున తెల్లటి వేరు మొటిమలు కనబడినప్పుడు మార్చండి. దీనికి బొగ్గు, ఇటుక ముక్కలు లేదా పాత ఇంటి పెంకు ముక్కలు సమపాళ్లలో చాలు, కొబ్బరి ముక్కలు పిడికెడు కలుపుకోవచ్చు. పక్కల రంధ్రాలున్న చిన్న మట్టి కుండీ దీనికి బాగా నప్పుతుంది. ఈ మొక్క ఒక పక్కకే జరుగుతూ పెరుగుతుంది. అందుకే పాత కాడలు కుండీ గోడకు ఆనేలా, కొత్త మొలక ముందు ఖాళీ ఉండేలా పెట్టండి. మధ్యలో పెడితే ఏడాదికే మళ్లీ అంచు దాటుతుంది.

ఆకులన్నీ రాలి ఉత్త కర్రల్లా మిగిలిన కాడలను ఎండిపోయాయనుకుని కోయకండి. అవి మొక్క దాచుకున్న తిండి, కొన్ని మళ్లీ పూస్తాయి కూడా. ముడుచుకుపోయి, నొక్కితే డొల్లగా ఉన్నవే కోయాలి. గుంపు పెద్దదని విడదీయాలనిపిస్తే ఒక్కో భాగానికి కనీసం మూడు కాడలు ఉంచండి. కాడ పైభాగాన చిన్న పిల్ల మొక్క మొలిచి ఉంటే దాని వేర్లు రెండు అంగుళాలు వచ్చేదాకా తల్లి మీదనే ఉండనివ్వండి. ఆ తర్వాత కోసి చిన్న కుండీలో బొగ్గు ముక్కల్లో పెట్టి పక్కింటి వదినకు ఇవ్వండి.